టర్బో డీజిలు కారు ఇంజనులు: పాతవి, కొత్తవి

గుంటూరు, ప్రకాశం జిల్లాల మైదానాలలో డీజిలు ఇంజనును ఎరగనివారు ఉండరు. నాగార్జునసాగర్ కుడికాలువ నీటిని మెరక చేలకు ఎక్కించే ఆయిలింజను, నల్లరేగడి దున్నే ట్రాక్టరు, పత్తిని జిన్నింగు మిల్లుకూ మిరప టిక్కీలను గుంటూరు యార్డుకూ చేర్చే లారీ — ఇవన్నీ డీజిలుతో నడిచేవే. కారులో డీజిలు ఇంజను మాత్రం కొంత ఆలస్యంగా వాడుకలోకి వచ్చింది. వచ్చిన తరువాత చాలా త్వరగా మారిపోయింది. 1998 చివరనుంచి 2020 వరకు, ఇరవై రెండేళ్లలోపే, అది మూడు నాలుగు రూపాలు దాల్చింది.

ఈ మార్పును చెప్పేటప్పుడు సాధారణంగా "పాత బండికి టర్బో లేదు, కొత్త బండికి ఉంది" అంటారు. ఇది సగం నిజమే. పాత టర్బో ఇంజనులు ఉన్నాయి. కొత్త టర్బో ఇంజనులూ ఉన్నాయి. రెండింటికీ టర్బో ఉన్నప్పుడు వాటి మధ్య తేడా ఏమిటి? అసలు తేడా గాలిని పంపే టర్బోలో కంటె, నూనెను చిమ్మే పద్ధతిలో ఎక్కువగా ఉన్నది. దాన్ని అర్థం చేసుకుంటే, కొత్త ఇంజను తక్కువ నూనెతో ఎక్కువ పని ఎలా చేస్తుందో, మంచి నూనె దొరకకపోతే ఎందుకు మొరాయిస్తుందో కూడా తెలుస్తుంది.

ఒకే కారులో రెండు ఇంజనులు

ఇందుకు మన రోడ్లమీద తిరిగిన ఒక కారే మంచి ఉదాహరణ. 2008 ఆగస్టులో టాటా కంపెనీ ఇండికా విస్టా అనే కారును విడుదల చేసింది. దాన్ని రెండు రకాల డీజిలు ఇంజనులతో అమ్మారు. రెంటికీ టర్బో ఉన్నది. ఒకటి 1,405 ఘన సెంటీమీటర్ల పాతరకం ఇంజను, దాన్ని టి.డి.ఐ. అన్నారు. రెండవది 1,248 ఘన సెంటీమీటర్ల కొత్తరకం. దాని పేరు క్వాడ్రాజెట్. ఇది 2003లో ఇటలీలో మల్టీజెట్ పేరుతో వచ్చిన ఫియట్ ఇంజనే. మారుతీ కంపెనీ ఇదే ఇంజనును డి.డి.ఐ.ఎస్. అనే పేరుతో స్విఫ్ట్ కారులో అమర్చింది. పేర్లు మూడయినా ఇంజను ఒకటే.

పాతరకం ఇంజనుకు మరో పూర్వరూపం ఉన్నది. 1998 చివర వచ్చిన మొదటి ఇండికా కారులో అదే 1,405 ఘన సెంటీమీటర్ల ఇంజను టర్బో లేకుండా ఉండేది. ఈ మూడింటినీ వరుసగా పెట్టి చూస్తే సంగతి తేటపడుతుంది.

టర్బో లేని పాత ఇంజను: 1,405 ఘన సెం.మీ.; సుమారు 53 అశ్వశక్తి; తిప్పుబలం సుమారు 85 న్యూటన్-మీటర్లు.

టర్బో గల పాతరకం: 1,405 ఘన సెం.మీ.; 71 అశ్వశక్తి; తిప్పుబలం నిమిషానికి 2,500 చుట్లవద్ద 135 న్యూటన్-మీటర్లు.

టర్బో గల కొత్తరకం: 1,248 ఘన సెం.మీ.; 75 అశ్వశక్తి; తిప్పుబలం నిమిషానికి 1,750 చుట్లవద్ద 190 న్యూటన్-మీటర్లు.

మొదటి మెట్టులో ఇంజను పరిమాణం మారలేదు. టర్బో చేరడంతో తిప్పుబలం సుమారు 60 శాతం పెరిగింది. రెండవ మెట్టులో ఇంజను 11 శాతం చిన్నదైంది. టర్బో ఎలాగూ ఉన్నది. అయినా తిప్పుబలం మరో 40 శాతం పెరిగింది. మొదటి పెరుగుదల గాలివలన వచ్చింది. రెండవది ఎక్కడనుంచి వచ్చిందో చూడాలి.

డీజిలు ఇంజను మూలసూత్రం

జర్మనీ దేశస్థుడైన రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గ్ నగరంలో తన ఇంజనును విజయవంతంగా నడిపి చూపాడు. ఆ ఇంజను నూనెలోని ఉష్ణశక్తిలో 26 శాతాన్ని పనిగా మార్చగలిగింది. ఆ కాలపు ఆవిరియంత్రాలతో పోలిస్తే ఇది చాలా పెద్ద మెరుగుదల.

పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ కావాలి. డీజిలు ఇంజనులో అక్కర లేదు. సైకిలు పంపుతో గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కడం అందరికీ అనుభవమే. వాయువును వేగంగా అణచితే దాని ఉష్ణోగ్రత పెరుగుతుంది. డీజిలు ఇంజనులో పిస్టను గాలిని సుమారు ఇరవయ్యో వంతుకు అణచుతుంది. వేసవిలో రెంటచింతలలాంటి చోట 45 సెంటీగ్రేడు డిగ్రీలవద్ద లోపలికి వచ్చిన గాలి ఆ విధంగా 600 డిగ్రీల ప్రాంతానికి చేరుతుంది. అప్పుడు దానిలోనికి నూనెను చిమ్మితే, ఆ నూనె తనంతట తానే అంటుకుంటుంది. వాయువులు వ్యాకోచించి పిస్టనును కిందికి నెడతాయి.

నూనె పూర్తిగా కాలడానికి తగినంత ఆమ్లజని ఉండాలి. 1 కిలోగ్రాము డీజిలు పూర్తిగా కాలడానికి సుమారు 14.5 కిలోగ్రాముల గాలి అవసరం. కాబట్టి ఎక్కువ నూనె పోసినంత మాత్రాన ఎక్కువ శక్తి రాదు. గాలి చాలకపోతే మిగిలిన నూనె నల్లని పొగగా పోతుంది.

టర్బో చేసే పని

మామూలు ఇంజను తన పిస్టను కదలికతో పీల్చుకోగలిగినంత గాలినే తీసుకుంటుంది. ఇంజను వదిలే పొగగాలిలో ఇంకా చాలా శక్తి మిగిలి ఉంటుంది. ఆ శక్తితో ఒక చిన్న చక్రాన్ని తిప్పి, అదే ఇరుసుమీద ఉన్న మరో చక్రంతో బయటిగాలిని ఒత్తి సిలిండర్లలోకి పంపవచ్చునని స్విట్జర్లాండుకు చెందిన ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లో పేటెంటు పొందాడు. అదే టర్బో. కారులోని టర్బో చక్రం అరచేతిలో ఇమిడేంత చిన్నది. అది పూర్తి వేగంలో నిమిషానికి రెండు లక్షల చుట్లవరకు తిరుగుతుంది. టర్బో డీజిలు ఇంజను గల కారు మొదట మార్కెట్టుకు వచ్చింది 1978లో. అది మెర్సిడెస్-బెంజ్ వారి 300 ఎస్.డి.

టర్బో గాలిని అణచుతుంది కనుక ఆ గాలి వేడెక్కుతుంది. 45 డిగ్రీల వేసవిగాలి పీడనాన్ని రెట్టింపు చేస్తే దాని ఉష్ణోగ్రత 140 డిగ్రీలు దాటుతుంది. వేడిగాలి పలచన, దానిలో ఆమ్లజని తక్కువ. అందుచేత టర్బోకూ సిలిండర్లకూ మధ్య గాలిని చల్లబరచే జాలీ ఒకటి అమర్చుతారు. దీనికి ఇంటర్‌కూలరు అని పేరు. 145 డిగ్రీలనుంచి 65 డిగ్రీలకు చల్లబరచితే, అదే పీడనంవద్ద గాలి సాంద్రత సుమారు 24 శాతం పెరుగుతుంది. కెల్విన్ మానంలో 418ని 338తో భాగించి విద్యార్థులు ఈ లెక్కను సరిచూసుకోవచ్చు. దుమ్ము, దూది పేరుకొని ఈ జాలీ మూసుకుపోతే కారు బలం తగ్గుతుంది. పత్తి తీతల కాలంలో మిల్లుల చుట్టుపక్కల తిరిగే బండ్లకు ఇది తెలుసుకోదగిన విషయం.

ఇంతవరకు చెప్పినది పాత, కొత్త టర్బో ఇంజనులు రెంటికీ వర్తిస్తుంది.

పాత పద్ధతి: పక్కగదిలో మంట

పాత ఇంజనులో నూనెను ఒత్తే పంపు ఇంజనుతోబాటే తిరుగుతుంది. అది ఒక్కొక్క సిలిండరుకు వంతులవారీగా నూనెను నెడుతుంది. పీడనం వాతావరణ పీడనానికి నూరు రెట్లు దాటగానే నాజిలులోని సూది స్ప్రింగును ఎత్తుకొని తెరుచుకుంటుంది. నూనె బయటికి వస్తుంది. పంపు ఇంజనుమీద ఆధారపడినది కనుక, ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు నూనె పీడనమూ తక్కువగానే ఉంటుంది. అనగా బండి బరువుతో మెరక ఎక్కేటప్పుడు, అన్నిటికంటె మంచి తుంపర అవసరమైన సమయంలో, తుంపర ముతకగా పడుతుంది.

ముతక తుంపర గాలితో సరిగా కలవదు. ఈ లోపాన్ని సరిచేయడానికి పూర్వపు ఇంజనీర్లు ఒక ఉపాయం చేశారు. సిలిండరు తలలో ఒక చిన్న పక్కగదిని ఏర్పరచారు. పిస్టను పైకి వచ్చేటప్పుడు గాలి ఇరుకుదారిగుండా ఆ గదిలోకి దూరి గిర్రున సుడి తిరుగుతుంది. ఆ సుడిలోకి నూనెను చిమ్ముతారు. మంట అక్కడ మొదలై, ఇరుకుదారిగుండా పిస్టనుమీదికి వస్తుంది. ఇంగ్లండుకు చెందిన హారీ రికార్డో 1930 ప్రాంతంలో ఈ సుడిగదిని అభివృద్ధి చేశాడు. తరువాత అర్ధశతాబ్దికి పైగా డీజిలు కార్లన్నీ ఇంచుమించు పక్కగది పద్ధతినే అనుసరించాయి. విస్టాలోని పాతరకం ఇంజనూ ఇదే తెగకు చెందినది.

ఈ పద్ధతిలో నూనె నాణ్యత కొంచెం అటూ ఇటూ అయినా ఇంజను నడుస్తుంది. మంట మెల్లగా వ్యాపిస్తుంది కాబట్టి చప్పుడు తక్కువ. కాని ఒక పెద్ద నష్టం ఉన్నది. పక్కగది గోడలు అదనంగా వేడిని పీల్చుకుంటాయి. ఇరుకుదారిలో వాయువులు రాసుకొని కొంత శక్తిని పోగొట్టుకుంటాయి. ఈ వేడి నష్టాన్ని తట్టుకొని నూనెను మండించడానికి గాలిని 22వ వంతుకు అణచవలసి వస్తుంది. చల్లని ఉదయాలలో విద్యుత్తుతో కాలే మేకును కూడా వాడాలి. సిలిండరులోకే నూటిగా నూనె చిమ్మే ఇంజనుకు 17, 18వ వంతు చాలు. ఒకే పనికి పక్కగది ఇంజను సుమారు 15 శాతం ఎక్కువ నూనె తాగుతుంది.

మిరపతోటలో తుంపర, మిల్లులో బేలు

పక్కగదిని తీసివేస్తే 15 శాతం నూనె మిగులుతుంది. కాని దాన్ని తీసివేస్తే సుడి బలం తగ్గిపోతుంది. అప్పుడు నూనెను గాలితో కలిపే భారమంతా తుంపరమీదనే పడుతుంది. కాబట్టి తుంపర చాలా సన్నగా ఉండాలి.

మిరపతోటలో మందు కొట్టే రైతుకు ఈ సంగతి తెలిసినదే. చేతిపంపులో పీడనం తక్కువగా ఉంటే మందు పెద్ద పెద్ద బొట్లుగా పడి, ఆకుమీదనుంచి జారి నేలపాలవుతుంది. పవరు స్ప్రేయరుతో ఒత్తిడి పెంచితే మంచులాగా చిమ్మి, ఆకు అడుగుభాగాన్ని కూడా తడుపుతుంది. అదే మందు, అవే నీళ్లు. బొట్టు పరిమాణం మాత్రమే మారింది.

బొట్టు చిన్నదైతే ఏమవుతుందో లెక్క వేయవచ్చు. ఒక బొట్టును, వ్యాసం పదోవంతు ఉండే చిన్న బొట్లుగా విడగొడితే 1,000 బొట్లు వస్తాయి. నూనె అంతే ఉంటుంది; గాలికి తగిలే ఉపరితలం మాత్రం 10 రెట్లవుతుంది. బొట్టు ఆవిరి కావడానికి పట్టే కాలం ఇంచుమించు దాని వ్యాసపు వర్గాన్ని అనుసరిస్తుంది. అనగా అది నూరోవంతుకు తగ్గుతుంది. తరగతిలో ఒక గ్లాసు నీటిలో ఉప్పురాళ్లను, మరో గ్లాసులో అంతే బరువుగల మెత్తని ఉప్పును వేసి, కదపకుండా ఉంచి, ఏది ముందు కరుగుతుందో చూపించి ఉపాధ్యాయులు ఈ విషయాన్ని బోధించవచ్చు.

ముతక బొట్టు పొగ ఎందుకు కక్కుతుందో చిలకలూరిపేట పరిసరాల జిన్నింగు మిల్లులలో పనిచేసేవారికి చెప్పనక్కరలేదు. విడిగా పరచిన దూదికి నిప్పు తగిలితే భగ్గుమని క్షణంలో కాలిపోతుంది. ప్రతి పోగు చుట్టూ గాలి ఉండడమే అందుకు కారణం. అదే దూదిని 170 కిలోల బేలుగా బిగించిన తరువాత నిప్పు అంటుకుంటే, పైపొర మాడి, లోపల గాలి చాలక రోజుల తరబడి కుములుతూ పొగ వదులుతుంది. పెద్ద నూనెబొట్టు కూడా చిన్న బేలువంటిదే. దాని చుట్టూ మంట ఉన్నా, మధ్యభాగానికి ఆమ్లజని అందదు. అక్కడి నూనె వేడికి విరిగి బొగ్గునుసిగా మారుతుంది. లారీ వెనుక కనిపించే నల్లటి పొగ అదే.

కొత్త పద్ధతి: ఉమ్మడి గొట్టం

కొత్త ఇంజనులో నూనెను ఒత్తడం, చిమ్మడం అనే రెండు పనులను వేరుచేశారు. ఒక పంపు ఎల్లవేళలా నూనెను ఒక దళసరి ఉక్కుగొట్టంలోకి నింపుతూ, దానిలో అధిక పీడనాన్ని నిలిపి ఉంచుతుంది. నాలుగు సిలిండర్లకూ ఈ ఒక్క గొట్టమే నూనె ఇస్తుంది కాబట్టి దీన్ని కామన్ రెయిల్, అనగా ఉమ్మడి గొట్టం, అన్నారు. ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకును ముందే నింపి ఉంచితే, కుళాయి ఎప్పుడు తిప్పినా నీరు ఒకే ధారతో వస్తుంది కదా! ఇదీ అటువంటిదే. ఇంజను మెల్లగా తిరిగినా నూనె పీడనం తగ్గదు. నాజిలు ఎప్పుడు తెరుచుకోవాలి, ఎంతసేపు తెరిచి ఉండాలి అనేది విద్యుత్ సంకేతం నిర్ణయిస్తుంది. ఈ ఏర్పాటుతో మార్కెట్టుకు వచ్చిన మొదటి కారు 1997 నాటి ఆల్ఫా రోమియో 156. దానిలో పీడనం వాతావరణ పీడనానికి సుమారు 1,350 రెట్లు. తరువాత వచ్చిన ఇంజనులు 1,600, 2,000 రెట్లను కూడా దాటాయి.

ఈ పీడనం ఎంతటిదో ఊహించడానికి ఒక పోలిక. సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. పసిఫిక్ మహాసముద్రంలోని అత్యంత లోతైన అగాధం అడుగున, సుమారు 11 కిలోమీటర్ల లోతులో, పీడనం సుమారు 1,100 రెట్లు. కారు ముందుభాగంలో జానెడు పొడవు గొట్టంలో ఉన్న పీడనం అంతకంటె ఎక్కువ. ఇంత పీడనంతో నూనె వెంట్రుకకంటె రెండింతలు మాత్రమే వెడల్పుగల రంధ్రాలలోనుంచి దూకి, మంచుపొగలాగా విడిపోతుంది.

చిమ్మే నూనె ఎంత? 60 కిలోమీటర్ల వేగంతో, లీటరుకు 20 కిలోమీటర్ల చొప్పున పోయే కారు గంటకు 3 లీటర్ల నూనె కాలుస్తుంది. ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతున్నదనుకుందాం. నాలుగు సిలిండర్లలో గంటకు 2,40,000 సార్లు నూనె పడాలి. భాగిస్తే ఒక్కసారికి 12.5 ఘన మిల్లీమీటర్లు — సుమారు మూడు ఆవగింజలంత. కొత్త ఇంజను దీన్ని కూడా ఒకేసారి చిమ్మదు. ముందుగా ఒక చిటికెడు చిమ్మి మంటను మెల్లగా అంటిస్తుంది; తరువాత అసలు మోతాదును పంపుతుంది; అవసరమైతే చివర మరికొంత చిమ్మి మిగిలిన మసిని కాలుస్తుంది. ఒక్క దహనానికి అయిదుసార్ల వరకు చిమ్మగలదు. మల్టీజెట్ అనే పేరు ఇందువల్లనే వచ్చింది. ముందుగా పడిన చిటికెడు నూనె మూలంగా మంట ఒక్కసారిగా పేలదు. డీజిలు ఇంజనుకు సహజమైన టకటక చప్పుడు తగ్గుతుంది.

పాత టర్బో ఇంజనులో ఆక్సిలరేటరు తొక్కగానే నూనె వెంటనే పెరుగుతుంది. టర్బో చక్రం వేగం అందుకోవడానికి మాత్రం కొంత సమయం పడుతుంది. ఆ వ్యవధిలో గాలి చాలక నల్లపొగ వస్తుంది. కొత్త ఇంజను లోపలికి వచ్చే గాలి ఎంతో కొలిచి, దానికి తగినంత నూనెనే చిమ్ముతుంది. కొన్ని ఇంజనులలో టర్బో చక్రం చుట్టూ కదిలే రెక్కలుంటాయి. పొగగాలి తక్కువగా ఉన్నప్పుడు రెక్కలు దారిని ఇరుకుచేసి దాని వేగం పెంచుతాయి. చక్రం త్వరగా అందుకుంటుంది. విస్టాలోనే తరువాత వచ్చిన 90 అశ్వశక్తి రకంలో ఇటువంటి టర్బో ఉన్నది.

తిప్పుబలం లెక్క

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి రావచ్చు. తిప్పుబలాన్ని భ్రమణవేగంతో గుణిస్తే సామర్థ్యం వస్తుంది. కొత్త ఇంజను 1,750 చుట్లవద్ద 190 న్యూటన్-మీటర్లు ఇస్తుంది, అనగా 34.8 కిలోవాట్లు. పాత టర్బో ఇంజను 2,500 చుట్లవద్ద 135 ఇస్తుంది; అనగా 35.3 కిలోవాట్లు. రెండూ ఇంచుమించు సమానమే. కాని ఆ పని చేయడానికి పాతది గంటకు 1,50,000 చుట్లు తిరగాలి. కొత్తది 1,05,000 చుట్లు తిరిగితే చాలు. తక్కువ చుట్లంటే తక్కువ రాపిడి, తక్కువ చప్పుడు. జాతీయ రహదారిమీద గుంటూరునుంచి ఒంగోలు పోయేటప్పుడు పాత ఇంజను డ్రైవరు గేరు తగ్గించే చోట, కొత్త ఇంజను డ్రైవరు అదే గేరులో పోగలగడానికి కారణం ఇదే.

కొత్త ఇంజనులో టర్బో కూడా ఎక్కువ గాలిని ఒత్తుతుంది. అయితే ఆ గాలిలో నూనెను క్షణకాలంలో, మసి లేకుండా కాల్చగలిగినప్పుడే అది ఉపయోగపడుతుంది. గాలి అవకాశాన్ని ఇస్తుంది; తుంపర ఆ అవకాశాన్ని పనిగా మార్చుతుంది.

సున్నితత్వానికి చెల్లించే వెల

ఈ నైపుణ్యానికి మరోవైపు కూడా ఉన్నది. కొత్త నాజిలులోని సూదికీ దాని గూటికీ మధ్య ఎడం మిల్లీమీటరులో వెయ్యోవంతులు రెండో, మూడో. కంటికి కనిపించని దుమ్మురేణువు చాలు, దాన్ని గీరి పాడుచేయడానికి. అధిక పీడన పంపులోని భాగాలకు కందెనగా పనిచేసేది కూడా డీజిలే. దానిలో కిరోసిన్ కలిస్తే కందెనగుణం తగ్గి లోహం అరుగుతుంది; అరిగిన పొడి గొట్టంలోకి, నాజిళ్లలోకి చేరుతుంది. అప్పుడు ఒక్క భాగాన్ని మార్చితే సరిపోదు. మొత్తం ఏర్పాటునే మార్చవలసి రావచ్చు.

ఆయిలింజను కోసం చేలో డ్రమ్ములో నిలవ ఉంచిన డీజిలును అవసరానికి కారులో పోయడం పల్లెలలో ఉన్న అలవాటే. పగటి వేడికీ రాత్రి చలికీ డ్రమ్ములో ఆవిరి చెమ్మగా మారి అడుగున నీరు చేరుతుంది. ఆయిలింజను ఆ నూనెతో కొంత దగ్గుతూ నడిచిపోవచ్చు. కామన్ రెయిల్ ఇంజనుకు అది తుప్పు, అరుగుదల తెచ్చిపెడుతుంది. నూనె ఫిల్టరును సకాలంలో మార్చడం, దాని అడుగున చేరిన నీటిని వదలడం ఇక్కడ చిన్న పనులు కావు. గాలి ఫిల్టరు విషయమూ అంతే.

మరమ్మతులో కూడా తేడా వచ్చింది. పాత నాజిలును మెకానిక్ విప్పి, చేతిపంపుతో ఒత్తి, తుంపర కంటితో చూసి, స్ప్రింగు సరిచేసేవాడు. గుంటూరు, విజయవాడ ఆటోనగర్లలో ఈ విద్య తరతరాలుగా సాగింది. కొత్త నాజిలు లోపాన్ని కంప్యూటరు యంత్రం తగిలించి చదవాలి. ఒక హెచ్చరిక కూడా అవసరం: ఇంజను నడుస్తుండగా అధిక పీడన గొట్టం కారుతున్నదేమోనని వేలు పెట్టి చూడరాదు. ఆ నూనెధార చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. గాయం సూదిపోటంత కనిపించినా వెంటనే ఆసుపత్రికి పోవలసిన ప్రమాదం అది.

పొగ, గంధకం, యూరియా

ఇంజను మార్పు వెనుక నూనె ఖర్చు ఒక్కటే లేదు. డీజిలు పొగ మనుషులలో క్యాన్సరు కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లో నిర్ధారించింది. రోడ్డు పక్కన దుకాణం పెట్టుకున్నవారు, యార్డులో లారీల మధ్య బస్తాలు మోసేవారు, బస్సుకోసం నిలుచునే బడిపిల్లలు ఈ పొగను ఎక్కువగా పీల్చుతారు.

మనదేశంలో పొగ నిబంధనలను భారత్ స్టేజి అనే పేరుతో మెట్లుమెట్లుగా బిగించారు. నాలుగవ మెట్టు 2017 ఏప్రిల్‌లో దేశమంతటా అమలుకు వచ్చింది. అయిదవ మెట్టును దాటవేసి, ఆరవ మెట్టును 2020 ఏప్రిల్ 1నుంచి అమలు చేశారు. ఆ మేరకు డీజిలులో గంధకాన్ని కూడా తగ్గించారు: మూడవ మెట్టులో పది లక్షల భాగాలకు 350 భాగాలు, నాలుగవ మెట్టులో 50, ఆరవ మెట్టులో 10 మాత్రమే. గంధకం ఎక్కువగా ఉంటే పొగను శుద్ధిచేసే పరికరాలు పనిచేయవు. అందుకే ముందు నూనెను శుద్ధిచేసి, తరువాత ఇంజనును శుద్ధిచేయవలసి వచ్చింది.

ఆరవ మెట్టు డీజిలు కారులో పొగగొట్టానికి ఒక మసిజల్లెడ ఉంటుంది. సన్నటి మసిని అది పట్టి ఉంచుతుంది. జల్లెడ నిండినప్పుడు ఇంజనే కొంత అదనపు నూనె చిమ్మి, దాన్ని సుమారు 600 డిగ్రీలకు వేడిచేసి, మసిని కాల్చి ఖాళీ చేస్తుంది. ఇందుకు బండి కొంతసేపు ఆగకుండా పోవాలి. రోజూ ఇంటినుంచి చేనుకు, చేనునుంచి ఇంటికి నాలుగైదు కిలోమీటర్లు మాత్రమే తిరిగే కారులో ఆ వేడి పుట్టదు, జల్లెడ మూసుకుపోతుంది. వారానికి ఒకసారి అయినా రహదారిమీద అరగంట నడిపితే ఈ ఇబ్బంది తగ్గుతుంది.

అధిక ఉష్ణోగ్రతవద్ద గాలిలోని నత్రజని, ఆమ్లజని కలిసి నైట్రోజన్ ఆక్సైడులు ఏర్పడతాయి. దహనం మెరుగయిన కొద్దీ ఇవి పెరగడం కొత్త చిక్కు. చాలా పెద్ద బండ్లలో, కొన్ని కార్లలో దీనికి విరుగుడు యూరియా. 32.5 శాతం యూరియా గల ద్రావణాన్ని వేడి పొగలోకి చిమ్ముతారు. అది అమ్మోనియాగా విడిపోయి, నైట్రోజన్ ఆక్సైడులను తిరిగి నత్రజనిగా, నీటిఆవిరిగా మార్చుతుంది. అయితే పొలానికి తెచ్చిన యూరియాను నీళ్లలో కలిపి ఆ తొట్టిలో పోయకూడదు. ఎరువు యూరియాకు వేపనూనె పూత ఉంటుంది. ఇతర మలినాలూ ఉంటాయి. అవి నాజిలును, ఉత్ప్రేరకాన్ని పాడుచేస్తాయి.

ఏది మేలు?

ఈ శుద్ధి పరికరాలన్నీ చిన్న కారు ధరను బాగా పెంచుతాయి. అందువలన 2020లో ఆరవ మెట్టు రాగానే మారుతీ కంపెనీ డీజిలు కార్లను మానివేసింది. దేశంలో ఎందరో వాడిన 1,248 ఘన సెంటీమీటర్ల ఇంజను తయారీ కూడా ఆగిపోయింది. అప్పటికే తయారైన లక్షలకొలది ఇంజనులు మాత్రం చేతులు మారుతూ తిరుగుతున్నాయి. పాత కారు కొనేవారు ఏ ఇంజను మేలని అడగడం సహజం.

శాస్త్రదృష్టితో చూస్తే జవాబు స్పష్టమే. ఒక లీటరు నూనెనుంచి కొత్త ఇంజను ఎక్కువ పని రాబడుతుంది. తక్కువ మసి వదులుతుంది. పాతది మొరటుతనాన్ని ఓర్చుకుంటుంది. కాని ఆ ఓర్పుకు వెలగా ప్రతి మైలుకూ ఎక్కువ నూనె కాలుస్తుంది, రోడ్డు పక్కవారి ఊపిరితిత్తులకు ఎక్కువ పొగ ఇస్తుంది. కొత్త ఇంజను మేలు మాత్రం షరతు లేనిది కాదు. శుభ్రమైన డీజిలు, సకాలంలో మార్చిన ఫిల్టరు, లెక్కప్రకారం మార్చిన ఇంజనాయిలు, చేయి తిరిగిన మెకానిక్ — ఈ నాలుగూ ఉన్నచోటనే అది తన గుణాన్ని చూపుతుంది. కొనేవారు బండి వయస్సుతోబాటు, అది ఇంతవరకు ఎటువంటి నూనె తాగిందో, ఫిల్టర్లు ఎప్పుడు మార్చారో కూడా విచారించడం మంచిది. ఫిల్టర్ల ఖర్చును ఏళ్ల తరబడి మిగుల్చుకున్న బండి, పంపూ నాజిళ్లూ కలిపి అంతకు ఎన్నో రెట్లు కొత్త యజమానిచేత ఖర్చుపెట్టించగలదు.